పరంజ్యోతి ఎడమ బుగ్గ

కాగితం మీద ఎవరైనా ప్రశ్న అచ్చువేస్తే దానికి జవాబు చెప్పకుండా పేజీ తిప్పడం పరంజ్యోతి వల్ల అయ్యేది కాదు. "పొద్దున లేవగానే మీకు నీరసంగా ఉంటున్నదా?" అని పత్రికలో ఏదో టానిక్కు ప్రకటన అడిగిందనుకోండి. లోకంలో అందరూ చూసీ చూడనట్టు ముందుకు పోతారు. పరంజ్యోతి మాత్రం పత్రికను రెండు చేతులా మర్యాదగా పట్టుకొని, "ఉంటదయ్యా. నిన్ననైతే మస్తుగ ఉండె," అని బదులిచ్చేవాడు. "ఆకలి మందగించిందా?" అంటే పొట్ట తడుముకొని కాసేపు ఆలోచించేవాడు. "గా బాధ మాత్రం లేదు. అబద్ధమెందుకు?" అనేవాడు. అడిగినవాడు ఎక్కడో బొంబాయిలోనో మద్రాసులోనో ఉంటాడు, నీ జవాబు వాడికి వినపడుతుందా అని ఎవరైనా నవ్వితే నొచ్చుకునేవాడు.

"అంత దూరంకెల్లి నా పాణం ఎట్లుందని అడిగిండు. ఊళ్లె మీరెవరన్న అడిగిండ్రా?"

పరంజ్యోతి మేడ్చల్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్. బండి వచ్చే ముందు పట్టాలు కలపడం, పోయాక విడదీయడం అతని ఉద్యోగం. బండిలో ప్రయాణికులు వదిలేసిన పత్రికలు ఏరుకోవడం అతని సరదా. అవి యుద్ధం రోజులు. ఏ పట్టణం ఎవరి చేతికి పోయిందో పత్రికల నిండా ఉండేది. ఆ పేజీలన్నీ పొయ్యి రాజేసుకొమ్మని భార్య ఎలీషమ్మకు ఇచ్చేసి, ప్రకటనల పేజీలు మాత్రం దిండు కింద దాచుకునేవాడు.

"వార్తలు చదవవా?" అని స్టేషన్ మాస్టర్ ఒకసారి అడిగాడు.

"నా దాంక వచ్చేసరికి వార్త పాతవడ్తది సార్. జబ్బు పాతవడదు."

ఈ వింతలన్నిటికీ దగ్గరి సాక్షి సిద్దిరాములు. పక్కనున్న అత్వెల్లి ఊరి మంగలి. వీధిబడిలో నాలుగు తరగతులు చదివి, లెక్కల్లో పంతులుకే తప్పు చూపించినవాడు. ముగ్గురు తహసీల్దార్ల మీసాలు ఒక్క వెంట్రుక ఎగుడుదిగుడు కాకుండా దిద్దినవాడు. షామీర్‌పేట చెరువుకు బాతుల వేటకొచ్చిన దొర వేలు తెగితే ఆకుపసరు కట్టి, మూడు రోజుల్లో మాన్పి, శభాష్ అనిపించుకున్నవాడు. ఇవన్నీ ఆయన స్వయంగా చెప్పుకున్నవే. ఎవరూ ఎప్పుడూ కాదనలేదు. చెప్పేటప్పుడు ఆయన చేతిలో కత్తి, వినేవాడి గొంతు దాని కింద ఉండేవి.

ఇన్ని ఘనతలున్న సిద్దిరాములుకు ఒకటే వెలితి. ఊరందరి జుట్టూ చూసిన ఆ చేతులకు సొంత నెత్తి మీద పని లేదు. అందుకే ఎండయినా నీడయినా నెత్తికి చుట్టిన రుమాలు తీసేవాడు కాదు.

ప్రతి శనివారం మధ్యాహ్నం, రెండు బండ్ల మధ్య దొరికే తీరికలో, స్టేషన్ నీళ్లట్యాంకు నీడన పరంజ్యోతికి గడ్డం గీసేవాడు. ఆదివారం చర్చికి నున్నగా పోవాలి కదా. గీస్తున్నంతసేపూ పరంజ్యోతి చేతిలో పత్రిక ఉండాల్సిందే.

"మిత్రులు మిమ్ములను చూసి జాలిపడుచున్నారా?" అని చదివి, సబ్బు నురగలోంచి తలెత్తాడు ఒకసారి. "సిద్దన్నా, నన్ను జూస్తె నీకు జాలైతదా?"

"మస్తయితది. కదలకు తమ్మీ, చెవు తెగుతది."

"చూసినవా! కాగితమోనికి ఎట్ల ఎరుకైందో!"

ఒకసారి వానలకు రైలు కట్ట కొట్టుకుపోయి, పట్టాలు మళ్లీ వేశారు. గడ్డం సగంలో ఉండగా కూత వినిపించింది. పరంజ్యోతి నురగ ముఖంతోనే లేచి నిలబడ్డాడు. డబ్బాలు లేకుండా ఒంటరి ఇంజన్ ఒకటి నత్తనడకన ముందుకు పోయింది.

"బండేది? ఒట్టి ఇంజనే పోతాంది?" అన్నాడు సిద్దిరాములు.

"కొత్త పట్టాల మీద ముందుగాల మనుషులున్న డబ్బాలు పంపరన్నా. ఒట్టి ఇంజన్ పోయొస్తది. అది మంచిగొస్తెనే మిగిలినోళ్లు పోవుడు." పరంజ్యోతి దానికి సలాం కొట్టాడు. "పాపం, అందరికన్న ముందు అది పోతది."

ఇంజన్‌కు సలాం కొట్టేవాడితో వాదమేమిటని సిద్దిరాములు రెండో బుగ్గకు సబ్బు రాశాడు.

పరంజ్యోతి తన జబ్బులు తాను పడి ఉంటే ఊరికి ఏ గొడవా ఉండేది కాదు. కానీ మంచి సంగతి ఏదైనా నలుగురికీ పంచడం అతనికి అలవాటు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక గూడ్స్ షెడ్డు నీడన కూర్చొని ప్రకటనలు గట్టిగా చదివేవాడు. చదువురాని వాళ్లకు అదో వినోదం. చర్చికి పోయినవాళ్లూ, పోనివాళ్లూ అందరూ చేరేవారు. పోయేటప్పుడు తలా ఒక జబ్బు పట్టుకుపోయేవారు.

అత్వెల్లి గౌరయ్య రెండు వడ్ల బస్తాలు చెరో భుజాన వేసుకొని నడిచే మనిషి. ఒక ఆదివారం వచ్చి కూర్చున్నాడు.

"మెట్లెక్కిన ఆయాసము కలుగుచున్నదా?" చదివాడు పరంజ్యోతి.

"మా ఇంట్ల మెట్లే లెవ్వు," అన్నాడు గౌరయ్య గర్వంగా.

"పని చేసిన పిమ్మట అలసట కలుగుచున్నదా?"

గౌరయ్య ముఖం మారింది. "అవునే! పొద్దంత దున్నినంక అలుపొస్తది!"

"ఇవి నరముల బలహీనతకు గుర్తులు."

అంతే. మరునాటి నుంచి గౌరయ్య ఒక్క బస్తా కూడా ఎత్తలేదు. నాగలి గోడకు ఆనించి, మంచం మీద పడుకొని, నరాలు లెక్కపెట్టుకున్నాడు. చల్ల అమ్ముకునే దుర్గమ్మదీ అదే కథ. ఆమె స్టేషన్ ఇవతల నవ్వితే అవతలి ప్లాట్‌ఫారం మీద వినపడేది. "మీరు నవ్విన దంతములు ముత్యములవలె మెరయుచున్నవా?" అని విన్న రోజు నుంచి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బేరమాడింది. చల్ల అదే, కుండ అదే. దుర్గమ్మ మాత్రం సగమైపోయింది.

"నువ్వు సదివినవ్, ఊరు మంచాన వడ్డది," అని సిద్దిరాములు మండిపడ్డాడు. "నా కత్తికి, నా పసర్లకు లొంగని జబ్బులు తెస్తివి. ఇగ మందు తెచ్చేదెవరు?"

పరంజ్యోతి ముఖం చిన్నబోయింది. "నేనే తెప్పిస్త," అన్నాడు.

ఆ నాటి నుంచి ఎవరికి ఏ మందు కావాలన్నా పరంజ్యోతే కంపెనీకి ఉత్తరం రాసేవాడు. పార్సిల్ అతని పేరనే రావాలి. కానీ ఎవరికీ ఏదీ ముట్టలేదు. గౌరయ్య వారం వారం వచ్చి, "నా వజ్రబల లేహ్యం వచ్చిందా?" అని అడిగేవాడు. "యుద్ధం గదా! పార్సిళ్లు తొవ్వల ఆగినయ్," అనేవాడు పరంజ్యోతి. రెండు నెలలు మంచం మీద ఎదురుచూసీ చూసీ విసుగొచ్చి, "నా నరాలు నేనే సూసుకుంట పో," అని గౌరయ్య నాగలి భుజానేసుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే పరంజ్యోతి చేతిలో చెంబుతో, పచ్చజెండా చంకలో పెట్టుకొని, తుమ్మచెట్ల వైపు రోజుకు ఎనిమిదిసార్లు పరుగెత్తడం సిద్దిరాములు చూశాడు. ఒక రోజు ప్యాసింజర్ బండి జెండా కోసం పది నిమిషాలు నిలబడిపోయింది.

"ఏందది తమ్మీ?"

"మామిడిపండ్లు ఎక్కువ తిన్న," అన్నాడు పరంజ్యోతి. అది మాఘమాసం.

ఇక్కడ సిద్దిరాములు ఎవరికీ చెప్పని ముచ్చట ఒకటుంది. ఒక శనివారం అటూ ఇటూ చూసి, రుమాలు కొంచెం పైకెత్తి, "పోయిన వారం ఏందో తైలం గురించి సదివితివి చూడు... నా కోసం కాదు, మా బామ్మర్దికి. తెప్పిస్తవా?" అని అడిగాడు. కేశసాగర తైలం. బోడితల మీద నలభై రోజుల్లో నల్లటి జుట్టు. పరంజ్యోతి ఆ నెత్తి వైపు ఒక్క క్షణం చూసి, "బామ్మర్దికే గదా, తెప్పిస్త," అన్నాడు. అదీ తొవ్వలోనే ఆగిపోయింది. అదే కాలంలో పరంజ్యోతి నడినెత్తిన వెంట్రుకలు రూపాయి బిళ్లంత మేర ఊడిపోయాయి. "టోపీ ఒరుపు," అన్నాడు. ముగ్గురు తహసీల్దార్ల మీసాలు దిద్దిన సిద్దిరాములు దాన్నీ నమ్మాడు.

ఇట్లా ఉండగా మనోరమ వచ్చింది.

మనోరమ పద్దెనిమిదేళ్ల పిల్ల. పరంజ్యోతి వాళ్ల చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే తక్కిన గొంతులన్నీ వెనక నడిచేవి. పన్నెండో యేట వచ్చిన మశూచి ముఖం నిండా మచ్చలు పెట్టిపోయింది. ఆమె వాటిని అంతగా పట్టించుకున్నట్టు ఎన్నడూ కనపడలేదు. తూంకుంటలో మిషన్ వాళ్లు కొత్తగా చిన్నపిల్లల బడి తెరుస్తూ, చదువు చెప్పడానికి ఆమెనే ఎంచుకున్నారు. పై నెల మొదటి సోమవారం చేరాలి. ఇల్లంతా పండగ చేసుకుంటుంటే, ఈ పిల్ల మడిచిన పత్రిక ముక్కతో నీళ్లట్యాంకు దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పుడు సిద్దిరాములు పరంజ్యోతి గడ్డం కోసం కత్తి నూరుతున్నాడు.

"మామా, గిది తెప్పియ్యాలె నాకు. ఇది రాకుంటె నేను బడికి పోను."

ఆ కాగితం పరంజ్యోతి షెడ్డులో చదివి మరిచిపోయి వచ్చినదే. అందులో రెండు బొమ్మలు. ఒకటి ఏడుపు ముఖం, ఒకటి నవ్వు ముఖం. వాడక మునుపు, వాడిన పిమ్మట. కింద ప్రశ్న: "మశూచి మచ్చలు మిమ్ములను నలుగురిలో తల వంచుకొనునట్లు చేయుచున్నవా?" ఆ కింద జవాబు: పూర్ణబింబ లేపనము, ఇరవై యొక్క దినములు.

"బిడ్డా, ఈ ఇద్దరు ఒక్క మనిషేనా? చెవులు జూడు, వేరేగున్నయ్," అన్నాడు పరంజ్యోతి.

"ముఖం మంచిగైనంక చెవులు గూడ మంచిగైతయేమో మామా!" అంది మనోరమ. తర్వాత గొంతు తగ్గించింది. "పిల్లలు పొద్దంత నా ముఖమే సూడాలె గదా. మొన్నటిదాంక నాకు ఎరుకే లేదు. నువ్వు సదివినంక అద్దంల సూసుకున్న."

పరంజ్యోతి చేత్తో తన బుగ్గ తడుముకున్నాడు. అతనికీ రెండు బుగ్గల నిండా మశూచి మచ్చలే. ఆ ప్రశ్న అతన్నీ అడుగుతున్నది. అచ్చులో ఉన్న ప్రశ్నకు పరంజ్యోతి జవాబు చెప్పకుండా ఊరుకోవడం సిద్దిరాములు చూడటం అదే మొదటిసారి.

"తెప్పిస్త," అన్నాడు చివరికి.

పార్సిల్ వచ్చిన సంగతి మనోరమకు తెలియలేదు. ఆమె అడిగినప్పుడల్లా యుద్ధం అడ్డం వచ్చింది. పరంజ్యోతి ముఖం సంగతి మాత్రం ఊరందరికీ తెలిసింది. ఎడమ బుగ్గ ఒక్కటే తెల్లగా, సున్నం కొట్టిన గోడలా మెరుస్తూ ఉంది. గడ్డం గీయబోతే సబ్బు నురగ ఆ బుగ్గ మీద నిలవక జారింది.

"ఏందిది తమ్మీ? సగం ముఖానికే పంపిండ్రా?"

"డబ్బి చిన్నది."

"నీకెందుకీ సోకు? యాభై ఏండ్లొచ్చె!"

"కుడిదిక్కుకెల్లి సూస్తె యాభై. ఎడమదిక్కుకెల్లి సూడు."

ఊరు వారమంతా నవ్వింది. కుర్రకారు ప్లాట్‌ఫారం మీద పందెం వేసుకొని, ఒకడు కుడి నుంచీ ఒకడు ఎడమ నుంచీ అతన్ని చూస్తూ నడిచారు. ఎలీషమ్మ అన్నం వడ్డిస్తూ, "కుడిదిక్కు నా మొగడు. ఎడమదిక్కు ఎవరో కాగితపాయన వచ్చి కూసున్నడు. ఆయనకు పచ్చిపులుసు నడుస్తదో లేదో!" అంది. పరంజ్యోతి అందరితో పాటు తానూ నవ్వాడు. కుడి బుగ్గతో.

రెండో శనివారం ఆ బుగ్గ ఎర్రబడింది. మూడో శనివారం పరంజ్యోతి తువ్వాల చుట్టుకొని వచ్చాడు.

"కుడిదిక్కు ఒక్కటే గియ్యన్నా."

సిద్దిరాములు ఒక్క గుంజుతో తువ్వాల లాగేశాడు. బుగ్గ ఉబ్బి, తోలు ఊడి, పచ్చిగా ఉంది. కంటి కింది దాకా పాకింది. దొర వేలు మాన్పినవాడు కత్తి కింద పెట్టేశాడు.

"అరే పిచ్చోడా! గిది లేపనం కాదు, నిప్పు! దినాం పూసుకుంటున్నవా దీన్ని?"

"ఇరవై ఒక్క రోజులన్నడు. ఇంక రెండున్నయ్."

"రెండు రోజులైతె కన్ను పోతది!"

సిద్దిరాములు అతన్ని రెక్క పట్టుకొని ఇంటికి నడిపించాడు. చల్లని నీళ్ల గుడ్డ వేశాడు. దుర్గమ్మ ఇంటి నుంచి వెన్న తెప్పించి, ఏడుసార్లు కడిగి, ఈకతో రాశాడు. రాస్తున్నంతసేపూ తిట్టాడు. "డబ్బి యాడుంది? చెరువుల పారేస్త!" అని అరిచాడు.

ఎలీషమ్మ మంచం కింది రేకుపెట్టె బయటికి లాగి మూత తీసింది. లోపల సీసాలు, డబ్బీలు. ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ. పరంజ్యోతి మిషన్ బడి గుండ్రటి అక్షరాలు. నాలుగు తరగతుల చదువు సిద్దిరాములుకు అంతగా పనికొచ్చింది ఆ రోజే.

వజ్రబల లేహ్యము. గౌరయ్యకు. తొమ్మిది దినములు తిన్నాను. బలము రాలేదు, పరుగు వచ్చినది. ఇవ్వరాదు.

దంతకాంతి పళ్లపొడి. దుర్గమ్మకు. బొగ్గు, ఉప్పు. చెడ్డది కాదు. మన పొయ్యిలో ఉన్నదే. ఆమెకు చెప్పినాను, నవ్వినది.

కేశసాగర తైలము. సిద్దన్న బామ్మర్దికి. నలభై దినములు. ఉన్నవి ఊడుచున్నవి. సిద్దన్నకు ఇంకా కొన్ని ఉన్నవి, అవి పోరాదు.

సిద్దిరాములు రుమాలు మీద చెయ్యి పెట్టుకున్నాడు. చెవుల మీద ఉన్న నాలుగు పోగులూ తగిలాయి. అవి ఎవరి నెత్తి ధారపోసి కాపాడినవో అప్పుడు తెలిసింది.

"మాట్లాడడు గానీ జీతంల సగం గీ పెట్టెలనే ఉంది," అంది ఎలీషమ్మ. "ఎందుకంటె, భయం పెట్టింది నేనే గదా అంటడు."

మంచం మీది నుంచి పరంజ్యోతి సగం నోటితో మాట్లాడాడు. "షెడ్డుల కూసొని సదివింది నేను. అందరికి లేని జబ్బు అంటవెట్టింది నేను. కాగితమోడు ఏం పంపుతడో ఎవరికెరుక? ముందుగాల ఒట్టి ఇంజన్ పోవాలె గదన్నా."

"మరి వద్దని ఒక్క మాట చెప్తె పోయేది గదరా!"

"ఇంటరా? గౌరయ్య ఇన్నడా నీ మాట? అయినా..." పరంజ్యోతి సిగ్గుపడ్డాడు. "ఒక్కటన్న నిజమైతదేమో అనుకున్న. ఆ పిల్లకు గిది నిజమైతె మంచిగుంటదనుకున్న."

అప్పుడే గుమ్మం దగ్గర అలికిడైంది. మనోరమ. ఎల్లుండే సోమవారం. ఇక ఆగలేక వచ్చింది. "మామా, పార్సిల్..." అని మొదలుపెట్టి, పెట్టె చూసింది. అందులో తన పేరు చీటీ కట్టిన డబ్బీ చూసింది. మూత తీసి ఉంది, అడుగు కనపడుతున్నది. కోపంతో ఆమె ముఖం ఎర్రబడింది.

"వచ్చిందా? వచ్చినా నాకియ్యలేదా? అంత నువ్వే పూసుకున్నవా?"

సిద్దిరాములు ఏదో చెప్పబోయాడు. పరంజ్యోతి చెయ్యెత్తి ఆపి, మెల్లగా లేచి కూర్చొని, ముఖం వెలుతురు వైపు తిప్పాడు. ముందు కుడి బుగ్గ. తర్వాత ఎడమ.

ప్యాసింజర్ బండి కూత వినిపించి ఆగిపోయింది.

మనోరమ దగ్గరికి వచ్చింది. ఆ పచ్చి పుండును చూసి తన ఎడమ బుగ్గ మీద తనకు తెలియకుండానే అరచెయ్యి పెట్టుకుంది. మచ్చలు చేతికి తగిలాయి. గరుకుగా, చల్లగా, క్షేమంగా. ఆమె ఊపిరి వదిలిన చప్పుడు సిద్దిరాములుకు వినపడింది.

"పందొమ్మిది రోజులు," అన్నాడు పరంజ్యోతి తప్పు చేసినవాడిలా. "పని చెయ్యలే బిడ్డా."

"మామా," అంది మనోరమ. "కుడి బుగ్గనే మంచిగుంది నీకు."

"కుడి బుగ్గ మీద మచ్చలున్నయ్ గదా."

"ఉంటేంది? మంచిగుంది."

అనేశాక ఆ మాట ఆమెకే వినపడింది. ముందు కళ్లు నవ్వాయి, తర్వాత ముఖమంతా నవ్వింది. ఎలీషమ్మ నవ్వింది. పరంజ్యోతి నవ్వబోయి, "అబ్బా! నవ్వియ్యకుండ్రి, గుంజుతాంది!" అని బుగ్గ పట్టుకున్నాడు. వెన్న చేతికి అంటింది.

మనోరమ తన కొంగున కట్టుకున్న పత్రిక ముక్క విప్పి, పంతులమ్మ గొంతుతో చదివింది. "మశూచి మచ్చలు మిమ్ములను నలుగురిలో తల వంచుకొనునట్లు చేయుచున్నవా?" కాసేపు ఆలోచించింది. "లేదండి," అని బొంబాయి వైపు చూసి చెప్పి, కాగితాన్ని ఎలీషమ్మ పొయ్యిలో వేసింది.

సోమవారం తూంకుంటలో బడి తెరిచారు. పిల్లలు పొద్దంతా ఆమె ముఖమే చూశారట. సాయంత్రం ఇంటికి పొమ్మంటే పోలేదట.

సిద్దిరాములు వెన్నతో, పసర్లతో నెల తిరిగేసరికి పరంజ్యోతి ఎడమ బుగ్గ మానింది. అక్కడక్కడా మచ్చలు కూడా మళ్లీ తేలాయి. ఈ వైద్యాన్ని సిద్దిరాములు తన ఘనతల్లో దొర వేలు కంటే ముందు చేర్చాడు. చేర్చవలసిందే.

మానాక మళ్లీ మొదటిసారి రెండు బుగ్గలూ గీయించుకున్న శనివారం, పరంజ్యోతి అలవాటుగా పత్రిక విప్పాడు. సిద్దిరాములు కత్తి ఆపి కాగితంలోకి వంగాడు. నాలుగు తరగతుల చదువుతో తానే కూడబలుక్కుని చదివాడు. "మీ తల వెండ్రుకలు రాలిపోవుచున్నవా?"

పరంజ్యోతి జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

"నువ్వు ఆగు తమ్మీ, అడిగింది నన్ను," అని సిద్దిరాములు పట్టపగలు, ప్లాట్‌ఫారం నిండా జనం చూస్తుండగా రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎప్పుడో రాలినయ్ అయ్యా. మిగిలిన నాలుగూ మంచిగున్నయ్. మీ ఇంటికాడ అందరు మంచిగున్నరా?"